కొట్టుకునే నలక

పెట్టను పొదగేసిన మూడో రోజు దాటాక ఒక గుడ్డు తీసి, మొద్దువైపు పెంకు నెమ్మదిగా ఒలిచి చూస్తే పచ్చసొన మీద ఎర్రటి చుక్క ఒకటి కనిపిస్తుంది. సూది మొన కన్నా పెద్దదేం కాదు. చూస్తుండగానే అది మాయమవుతుంది, మళ్లీ కనిపిస్తుంది. మళ్లీ మాయం, మళ్లీ ప్రత్యక్షం. కోడిపిల్ల అనదగ్గ రూపమేదీ ఇంకా రాలేదు. గుండె మాత్రం పని మొదలుపెట్టేసింది.

ఆడమనిషి కడుపు పండిందని చెప్పడానికి తెలుగులో 'నలక పడింది' అనే మాట ఉంది. ఆ నలకలో గుండె ఎప్పుడు, ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి మనిషికి రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది. అందులో ఎక్కువ కాలం అతనికి దొరికిన కిటికీ కోడిగుడ్డే. కారణం సులువుగానే తెలుస్తుంది. తల్లి కడుపును తెరిచి చూడలేరు. గుడ్డు ఏ ఇంటి పెరట్లోనైనా దొరుకుతుంది, ఇరవై ఒక్క రోజుల్లో పిల్ల అవుతుంది, రోజుకొకటి పగలగొట్టి చూసినా అడిగేవాళ్లుండరు. ఇరవై గుడ్లు పొదగేసి రోజుకొకటి తెరిచి చూడమని హిపొక్రటీస్ సంప్రదాయపు గ్రీకు వైద్యగ్రంథం ఒకటి ఏనాడో చెప్పింది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ ఆ పని శ్రద్ధగా చేశాడు. మూడు పగళ్లు, మూడు రాత్రులు గడిచాక గుండె ఒక నెత్తుటి చుక్కలా కనిపిస్తుందనీ, ప్రాణమున్నదానిలా కొట్టుకుంటుందనీ రాశాడు. తర్వాతి పండితులు లాటిన్‌లో దానికి 'ఎగిరే చుక్క' అని పేరు పెట్టారు. శరీరంలో అన్నిటికన్నా ముందు పుట్టేదీ, అన్నిటికీ యజమాని అయినదీ గుండేనని అరిస్టాటిల్ నమ్మకం.

ముందు పుట్టేది ఏది? ఈ ప్రశ్న మన దేశంలోనూ గట్టిగానే నడిచింది. సుశ్రుత సంహిత శారీరస్థానంలో ఒక చిన్న సభలాంటి ఘట్టం ఉంది. ఇంద్రియాలకు మూలం గనుక తల ముందు పుడుతుందని శౌనకుడు అంటాడు. బుద్ధికీ మనసుకూ చోటు గనుక హృదయమే ముందని కృతవీర్యుడు. దేహం పెరిగేది అక్కడి నుంచే గనుక నాభి అని పారాశర్యుడు. కదలికకు మూలమైన చేతులూ కాళ్లూ అని మార్కండేయుడు. అవయవాలన్నీ అతుక్కుని ఉండేది మొండేనికే గనుక అదే ముందని సుభూతి గౌతముడు. చివరికి ధన్వంతరి ఎవరి మాటా ఒప్పుకోడు. అన్నీ ఒక్కసారే పుడతాయంటాడు. వెదురు మొలకనూ మామిడికాయనూ చూడమంటాడు. పండిన మామిడిలో పీచు, గుజ్జు, టెంక వేరువేరుగా తెలుస్తాయి. పిందెలోనూ అవన్నీ ఉంటాయి, మరీ సూక్ష్మంగా ఉండటం వల్ల కంటికి ఆనవు. చరక సంహితలోనూ ఇలాంటి చర్చే వస్తుంది.

మామిడి పోలిక ముచ్చటైనది. అయితే ఆ ఘట్టంలో ఉన్నది వాదం మాత్రమే, గుడ్డు తెరిచి చూసిన వర్ణన కాదు. ఇదే వాదం వేల మైళ్లకు అవతల, వందల ఏళ్ల తర్వాత, యూరప్‌లో వేరే వేషంలో మళ్లీ వినిపిస్తుంది. ఆ సంగతి ముందుముందు వస్తుంది.

అదే సుశ్రుత సంహిత మరో మాట కూడా అంటుంది. నాలుగో నెలలో పిండానికి గుండె స్పష్టమవుతుంది, కాబట్టి అప్పటినుంచి తల్లి రెండు హృదయాలున్న మనిషి, 'దౌహృదిని'. ఆమెకు కలిగే కోరికలు నిజానికి లోపలి రెండో హృదయానివి. అవి తీర్చకపోతే పుట్టే బిడ్డకు లోపాలొస్తాయని హెచ్చరిక. ఆ దౌహృదం మాటే ప్రాకృతాల్లో నలిగి 'దోహదం' అయిందని పండితులు చెబుతారు. చూలాలి కోరిక అనే అర్థం నుంచి ఆ మాట కావ్యాల్లోకి వెళ్లి, అశోకం పూయడానికి పడతి పాదం తాకడంలాంటి వృక్షదోహదాలైంది. అక్కడి నుంచి ఈనాటి పత్రికల భాషలోకి 'దోహదం చేయడం'గా దిగింది. అభివృద్ధికి దోహదం చేసిందని రాసేవాళ్లలో ఎందరికి ఆ మాట లోపల కడుపులో కొట్టుకునే చిన్న గుండె ఉందని తెలుసు!

నెల లెక్క తప్పింది. నాలుగో నెల కాదు, మొదటి నెలలోనే గుండె కొట్టుకోవడం మొదలుపెడుతుంది. కానీ ఆ లెక్క సరిచేయడానికి కంటి చూపు చాలదు.

విలియం హార్వీ పేరు చెప్పగానే గుర్తొచ్చేది 1628లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయిన చిన్న పుస్తకం. రక్తం గుండె నుంచి బయలుదేరి మళ్లీ గుండెకే చేరుతుందని అందులోనే నిరూపించాడు. ఆ రుజువుల్లో కోడిగుడ్డు కూడా ఒకటి. పొదిగిన గుడ్డును గోరువెచ్చని నీళ్లలో పెట్టి, మబ్బు తునకలాంటి పిండం మధ్యన ఎర్ర చుక్క ముడుచుకున్నప్పుడు కనపడకుండా పోయి, విచ్చుకున్నప్పుడు మళ్లీ కనిపించడం వర్ణించాడు. ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్‌కు హార్వీ ఆస్థాన వైద్యుడు. రాజు వేటాడిన ఆడ జింకలను కోసి గర్భాశయాలు వెతికే అవకాశం అలా దక్కింది. జతకట్టే కాలం గడిచి వారాలైనా లోపల అతనికి ఏమీ దొరకలేదు. జింక పిండం మొదట్లో సాలెపోగులా పల్చగా ఉంటుందని అప్పటికెవరికి తెలుసు? ఆ పరిశోధనలన్నీ కలిపి 1651లో మరో పుస్తకం తెచ్చాడు. ముఖచిత్రంలో గ్రీకు దేవుడు జ్యూస్ చేతిలో గుడ్డు విప్పుతుంటే ప్రాణులన్నీ అందులోంచి బయటకొస్తుంటాయి. సర్వం గుడ్డు నుంచే అని దాని మీద రాసి ఉంటుంది.

సూక్ష్మదర్శిని కింద పిండాన్ని పరిచి చూసినవాడు ఇటలీలోని బొలోన్యాకు చెందిన మార్చెల్లో మాల్పీగీ. పచ్చసొన మీదున్న పిండాన్ని చుట్టూ కత్తిరించి, గాజు పలక మీద పరిచి, గంటల లెక్కన బొమ్మలు గీశాడు. 1672లో లండన్ రాయల్ సొసైటీకి పంపిన ఆ బొమ్మల్లో గుండె ఒక వంకర గొట్టం. దాని నుంచి బయలుదేరే రక్తనాళాల వంపులూ ఉన్నాయి. ఈనాటి పాఠ్యపుస్తకం పక్కన పెట్టినా ఆ బొమ్మలు తలవంచవు. అయితే ఒక పొరపాటు జరిగింది. పొదగని గుడ్డులో కూడా పిండం ఆనవాళ్లు కనిపించాయని రాశాడు. ఆ గుడ్లు చూసింది ఆగస్టు నెలలో. బొలోన్యా ఎండాకాలపు వేడికి పెట్ట అవసరం లేకుండానే గుడ్డు కాస్త పెరిగి ఉంటుంది. ఆ ఒక్క ఎండాకాలం, పిండం మొదటినుంచీ తయారై ఉంటుందనేవాళ్లకు వందేళ్ల బలాన్నిచ్చింది.

18వ శతాబ్దంలో ఆ తగువు గుండె మీదే తెగాల్సి వచ్చింది. స్విట్జర్లాండ్ పండితుడు ఆల్బ్రెక్ట్ ఫన్ హాలర్ 1758లో కోడిపిల్ల గుండె పుట్టుక మీద ఫ్రెంచిలో పుస్తకం అచ్చువేశాడు. గొట్టం వంగడం, గదులు ఉబ్బడం అన్నీ చూశాడు. అయినా అతని తీర్పు ఏమిటంటే, గుండె కొత్తగా పుట్టదు, ముందే ఉంటుంది, పారదర్శకంగా ఉండటం వల్ల కనపడదు. ధన్వంతరి మామిడి పిందెను హాలర్ చదివి ఉంటే సంతోషించేవాడు. మరుసటి ఏడాదే, 1759లో, జర్మనీలోని హాలె పట్నంలో కాస్పర్ ఫ్రీడ్రిహ్ వోల్ఫ్ అనే పాతికేళ్ల యువకుడు తన పట్టా కోసం రాసిన వ్యాసంలో దీన్ని కొట్టిపడేశాడు. పచ్చసొన మీద రక్తనాళాలు ముందు ఖాళీ సందులుగా మొదలై క్రమంగా గోడలు కట్టుకోవడం తాను చూశానన్నాడు. సూక్ష్మదర్శినిలో చిన్న చిన్న బొట్లు కనిపిస్తున్నప్పుడు, వాటితో కట్టాల్సిన గుండె మాత్రం కనపడకుండా ఎలా దాక్కుంటుందని అతని ప్రశ్న. ఆ పుస్తకం హాలర్‌కే పంపాడు. ఇద్దరి మధ్యా ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి. గెలిచింది చివరికి వోల్ఫే, కానీ అది తేలడానికి ఇద్దరి జీవితకాలాలూ చాలలేదు.

గుడ్ల ఖర్చు కూడా చరిత్రలో భాగమే. రీగా పట్నపు షాహుకారు కొడుకు క్రిస్టియన్ పాండర్ 1817లో తన పరిశోధన కోసం రెండు వేలకు పైగా గుడ్లు పగలగొట్టాడు. బొమ్మలకు మంచి చిత్రకారుణ్ణీ పెట్టుకున్నాడు. పిండం మొదట మూడు పొరలుగా ఉంటుందని అలా తేలింది. గుండె పుట్టేది ఆ మధ్య పొరలోంచి.

ఇక్కడిదాకా కథ కోడిపిల్లది. మనిషి గుండె కథ మైనంతో మొదలవుతుంది.

1880లో లైప్‌జిగ్ ప్రొఫెసర్ విల్హెల్మ్ హిస్ మానవ పిండాల శరీర నిర్మాణం మీద తన గ్రంథం మొదటి భాగం తెచ్చాడు. మిగతావి 1885 నాటికి పూర్తయ్యాయి. (వైద్య విద్యార్థులు చదివే 'హిస్ బండిల్' ఈయనది కాదు, ఇదే పేరున్న కొడుకు 1893లో కనిపెట్టినది.) నాలుగైదు మిల్లీమీటర్ల పిండంలో గుండె లోపలి గోడలు ఎలా చూడాలి? చేత్తో కోస్తే చితికిపోతుంది. హిస్ మైక్రోటోమ్ అనే కోత యంత్రాన్ని తయారు చేసుకుని పిండాన్ని పూతరేకుల కన్నా పల్చటి పొరలుగా తరిగాడు. ఒక్కో పొరనూ పెద్దది చేసి గీసి, ఆ గీతల్ని బట్టి మైనంతో ముద్ద కట్టి ఆకారాన్ని మళ్లీ నిలబెట్టాడు. ఫ్రైబుర్గ్‌లోని జీగ్లర్ల కార్ఖానా ఆ బొమ్మలకు నకళ్లు పోసి దేశదేశాల వైద్య కళాశాలలకు అమ్మింది.

బ్రెస్లావ్‌లో గుస్టావ్ బోర్న్ ఆ పనికి లెక్క తెచ్చాడు. పొర మందం మిల్లీమీటరులో 50వ వంతు, బొమ్మను 50 రెట్లు పెద్దది చేశారు అనుకుంటే, మైనపు పలక సరిగ్గా ఒక మిల్లీమీటరు మందం ఉండాలి. ప్రతి పలక మీదా ఆ పొరలోని గీతను దించి, కత్తిరించి, వరుస తప్పకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి వేడి చేసి అతికిస్తే నలకంత గుండె అరచేతిలో పట్టేంత పెద్దదై నిలుస్తుంది. కావాలంటే మధ్యకు విడదీసి లోపలికీ చూడొచ్చు. 1889లో బోర్న్ ఇలా కుందేలు గుండెలో గోడలు లేచే తీరును అచ్చులో పెట్టాడు. పై గదుల మధ్య లేచే రెండు తెరలకు ఆయన పెట్టిన 'మొదటి గోడ', 'రెండో గోడ' అనే పేర్లు లాటిన్ రూపంలో నేటికీ వైద్య విద్యార్థుల నోట్లో నానుతున్నాయి.

హిస్ దగ్గర చదువుకున్న అమెరికన్ ఫ్రాంక్లిన్ మాల్ ఈ విద్యను బాల్టిమోర్‌కు తీసుకెళ్లాడు. ఊరూరా ఉన్న వైద్యులకు ఉత్తరాలు రాసి, గర్భస్రావాల్లో, ఆపరేషన్లలో దొరికిన పిండాలను పంపమని అడిగాడు. 1914లో కార్నెగీ సంస్థ డబ్బుతో జాన్స్ హాప్‌కిన్స్ వైద్య కళాశాల ఆవరణలోనే ప్రత్యేక విభాగం వెలిసింది. అక్కడ ఆస్బర్న్ హెర్డ్ అనే బొమ్మల నిపుణుడు దశాబ్దాల పాటు మైనం, ప్లాస్టర్‌తో 700కు పైగా ఆకృతులు చేశాడు. 1927లో కార్ల్ డేవిస్ మానవ గుండె మొట్టమొదటి జాడ నుంచి గొట్టం వంపు తిరిగే దాకా ఒక్కో మెట్టునూ వర్ణించింది ఈ విభాగపు ప్రచురణలోనే. మొదటి ఎనిమిది వారాల పిండాన్ని 23 దశలుగా చూపే పట్టికకు ఇప్పటికీ కార్నెగీ దశలనే పేరు. ఇప్పుడు ఆ సేకరణ మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో జాతీయ వైద్య మ్యూజియం దగ్గర ఉంది.

ఈ ఘనత వెనక చెప్పుకోవలసిన బాకీ ఒకటుంది. ఆ సీసాల మీద నంబరు ఉంది, పంపిన డాక్టరు పేరు ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని మాత్రం చాలాసార్లు ఎవరూ అడగలేదు. తన ఒంట్లోంచి పోయినది ఎక్కడికి వెళ్లిందో ఆమెకు చెప్పిన వాళ్లూ లేరు. మానవశాస్త్రవేత్త లిన్ మోర్గాన్ 2009లో తెచ్చిన 'ఐకన్స్ ఆఫ్ లైఫ్' పుస్తకం ఆ ఆడవాళ్ల వైపు నుంచి ఈ చరిత్రను తవ్వింది. నేడు ప్రతి వైద్య విద్యార్థీ చూసే గుండె బొమ్మలో వాళ్ల దుఃఖం ఉంది. ఆ మాట పాఠంలో ఒక్క వాక్యమైనా ఉండాలి.

మైనం ఏం చూపించింది? మొదటి ఆశ్చర్యం, గుండె ఛాతీలో పుట్టదు. పిండం ఇంకా చదునైన పలకలా ఉన్నప్పుడు, గుండె కాబోయే కణాలు తల కాబోయే చోటుకు కూడా పైన, గుర్రపు నాడా ఆకారంలో పరుచుకుని ఉంటాయి. తల పెరిగి ముందుకు ఒరిగేకొద్దీ ఆ నాడా మడతపడి ముఖం కిందికి, మెడ ముందుకు, ఆపైన ఛాతీలోకి దిగుతుంది. ఊపిరి కండరమైన విభాజక పటలం కూడా దాని వెంటే మెడ దగ్గర్నుంచి కిందికి దిగిందే. అందుకే దాన్ని ఆడించే నాడి ఈనాటికీ మెడలో బయలుదేరి, గుండె పక్కగా అంత దూరం ప్రయాణించి వస్తుంది. పుట్టింటి తాడు తెగలేదన్నమాట.

రెండో సంగతి, గుండె ఒకటి కాదు, రెండు సగాలు. కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి వచ్చి, దండం పెట్టే చేతుల్లా మధ్యలో కలిస్తేనే ఒక గొట్టమవుతుంది. కోడి పిండంలో ఆ కలయికను అడ్డుకుంటే రెండు గుండెలు తయారై, రెండూ వేటికవే కొట్టుకుంటాయి. 20వ శతాబ్దంలో ఈ ప్రయోగం పలుమార్లు జరిగింది. చూలాలిలో రెండు హృదయాలు చూసిన మన పెద్దలకు, ఒక్క పిండంలోనే రెండు గుండెలు పుట్టగలవంటే ఏమనిపించేదో.

మనిషి పిండంలో ఈ గొట్టం ఫలదీకరణ జరిగిన 22వ రోజు ప్రాంతంలో కొట్టుకోవడం మొదలవుతుంది. ఇంటి భాషలో చెప్పాలంటే నెల తప్పిన వారం రోజులకు. అప్పటికి పిండం పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. తర్వాత గొట్టం కుడివైపుకు వంగి మెలితిరుగుతుంది. కింద ఉన్న భాగం వెనక్కీ పైకీ జరిగి పై గదులవుతుంది. పిమ్మట లోపల గోడలు లేస్తాయి. నాలుగో వారం నుంచి ఏడో వారం దాకా, ఒక్క క్షణం కొట్టుకోవడం ఆపకుండానే ఒక గది నాలుగు గదులవుతుంది. బయటికి వెళ్లే ఒకే దారి మెలికపడ్డ గోడతో రెండుగా చీలి, ఒకటి ఊపిరితిత్తులకు, మరొకటి ఒళ్లంతటికీ వెళ్తుంది. ఆ మెలిక గోడ కట్టే పనిలో మెదడు, వెన్నుపాము కాబోయే మడత అంచుల నుంచి వలస వచ్చిన కణాలు కూడా చెయ్యి వేస్తాయని 1983లో మార్గరెట్ కర్బీ బృందం చూపించింది. కోడి పిండంలో ఆ కణాలు తీసేస్తే దారి చీలనే లేదు.

పై గదుల మధ్య గోడలో మాత్రం ఒక కంత కావాలనే మిగులుతుంది. కడుపులో ఊపిరితిత్తులకు పనిలేదు గనుక రక్తం ఆ తలుపు గుండా అడ్డదారిన పోతుంది. బిడ్డ పుట్టి మొదటి ఊపిరి తీయగానే అవతలి ఒత్తిడికి తలుపు మూసుకుంటుంది. పుట్టిన తర్వాత ఆ కంత పూడిపోతుందని రోమన్ కాలపు వైద్యుడు గేలెన్ రెండో శతాబ్దంలోనే గమనించాడు. ఎందుకో అర్థం కావడానికి హార్వీ దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ విద్య పిల్లల ప్రాణాల దాకా రావడం ఆలస్యమైంది. తెచ్చిన వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరికీ తలుపులు మూసిన చదువులే. మాంట్రియల్‌లో మాడ్ అబట్‌ను ఆడపిల్లని చెప్పి మెగిల్ వైద్య కళాశాల చేర్చుకోలేదు. వేరేచోట చదివి, అదే మెగిల్‌లో మ్యూజియం చూసుకునే ఉద్యోగంలో చేరింది. సీసాల్లోని లోపాల గుండెల్ని పిండదశతో పోల్చి వర్గీకరించి, 1936లో వెయ్యి గుండెల వివరాలతో అట్లాస్ తెచ్చింది. ఆమె దగ్గర పాఠం నేర్చుకున్న హెలెన్ టాసిగ్ బాల్టిమోర్‌లో పిల్లల గుండె డాక్టరు. వినికిడి తగ్గిపోవడంతో వేళ్లతో తాకి గుండెను చదవడం నేర్చుకుంది.

ఆమె దగ్గరికి నీలిపడ్డ పిల్లలు వచ్చేవాళ్లు. వాళ్ల జబ్బును 1888లో మార్సేయ్ వైద్యుడు ఫాలో నాలుగు లోపాల కూటమిగా వర్ణించాడు. పిండశాస్త్రం తెలిస్తే అవి నాలుగు కావు. ఆ మెలిక గోడ కాస్త ముందుకు జరిగి లేచింది, అంతే. దాంతో ఊపిరితిత్తుల దారి ఇరుకైంది, కింది గదుల మధ్య గోడ కలవలేదు, మిగతా రెండూ వాటి వెంట వచ్చాయి. కడుపులో ఉన్నప్పటి అడ్డదారి రక్తనాళం తెరిచి ఉన్నన్నాళ్లు ఈ పిల్లలు కాస్త తెరిపిన ఉండటం, అది మూసుకుపోగానే నీలిపడటం టాసిగ్ కనిపెట్టింది. మూసుకున్న దారిలాంటిది మళ్లీ కల్పిస్తే? 1944 నవంబర్ 29న సర్జన్ ఆల్ఫ్రెడ్ బ్లాలాక్, చేతికి పోయే ధమనిని ఊపిరితిత్తుల ధమనికి కలిపాడు. ఆ ఆపరేషన్‌ను ప్రయోగశాలలో కుక్కల మీద సాధించింది వివియన్ థామస్. డబ్బులేక కాలేజీ మెట్టెక్కలేకపోయిన నల్లజాతి సహాయకుడు. ఆ రోజు బ్లాలాక్ వెనకే నిలబడి కుట్టు కుట్టుకూ సలహా చెప్పింది అతనే. 15 నెలల పాప అది. కొన్ని నెలల తర్వాత చనిపోయింది. కానీ ఆమె తర్వాత వచ్చిన వందల మంది పిల్లల పెదాలు బల్ల మీదే ఎర్రబడ్డాయి.

మైనపు బొమ్మలు చెప్పిందంతా నిజం కాదని కూడా తేలింది. మొదటి గొట్టంలోనే గుండె భాగాలన్నీ వరుసగా ఉంటాయని పుస్తకాలు చెబుతూ వచ్చాయి. మెక్సికోలో మరీయా విక్టోరియా దె లా క్రూస్ కోడి పిండపు గుండె మీద ఇనుప ఆక్సైడు రేణువులతో గుర్తులు పెట్టి వాటి ప్రయాణం కనిపెట్టింది. 1977లో ఆమె ప్రకటించినదాని ప్రకారం, బయటికి వెళ్లే దారి మొదటి గొట్టంలో లేనే లేదు, తర్వాత వచ్చి చేరింది. 2001లో మూడు బృందాలు విడివిడిగా అదే ధ్రువీకరించాయి. గొట్టం కొట్టుకుంటూ ఉండగానే వెనక నుంచి కొత్త కణాలు చేరుతూ కుడివైపు కింది గదినీ, బయటి దారినీ కడతాయి. చచ్చిన పిండాన్ని ఎంత చక్కగా తరిగినా కణం ఎక్కణ్ణుంచి నడిచొచ్చిందో తెలియదు. బొలోన్యా ఎండ మాల్పీగీని ఒకలా తప్పుదారి పట్టిస్తే, నిశ్చలమైన మైనం శాస్త్రవేత్తల్ని ఇంకోలా తప్పించింది.

జన్యువుల సంగతి ఈగ దగ్గర మొదలైంది. ఒక జన్యువు చెడితే పండ్ల ఈగకు గుండే పుట్టదని రోల్ఫ్ బోడ్మర్ 1993లో చూపించాడు. ఒక పిల్లల కథలోని గుండె లేని రేకు మనిషి పాత్ర పేరిట దానికి 'టిన్‌మ్యాన్' అని పేరు. మనుషుల్లో దాని జోడీ జన్యువు దెబ్బతిన్న కుటుంబాల్లో తరతరాలుగా పై గదుల మధ్య చిల్లు వస్తోందని 1998లో బయటపడింది. మొదటి కొట్టుకోవడం ఎలా మొదలవుతుందో కూడా ఇటీవల తెలిసింది. 2023లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు జీబ్రా చేప పిండంలో ఆ క్షణాన్ని పట్టుకున్నారు. అక్కడొకటి ఇక్కడొకటి కణాలు అదరడం, తర్వాత కుదురుకోవడం కాదు. నిశ్శబ్దంగా ఉన్న గుండె కణాలన్నీ హఠాత్తుగా ఒక్కసారి స్పందించాయి.

వెయ్యి మంది పిల్లల్లో సుమారు 8 మంది గుండెలో ఏదో ఒక లోపంతో పుడుతున్నారు. మన ఊళ్లలో దాన్ని గుండెలో చిల్లు అంటారు. ఆ మాట చెవిన పడగానే ఇంట్లో మొదట నిందపడేది తల్లి మీద. పెదవి చీలి పుడితే గ్రహణం మొర్రి అని పేరుపెట్టి, గ్రహణం వేళ ఏం కోశావు, ఎందుకు బయటికొచ్చావని అడిగే అలవాటు గుండె దాకా పాకింది. చాలా లోపాలకు ఎవరి తప్పూ లేదు. రెండు తెరలు కలవాల్సిన రోజున కలవలేదు. ఆ రోజు ఆమెకు గర్భమని గట్టిగా తెలిసి కూడా ఉండదు.

తల్లుల మాట వినడం వల్ల తెలిసిన కారణం ఒకటుంది. 1941లో సిడ్నీలో కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ దగ్గరికి శుక్లాలతో పుట్టిన పసివాళ్లు వరసగా రాసాగారు. తల్లుల్ని విచారిస్తే, గర్భం తొలి నెలల్లో రుబెల్లా జ్వరం వచ్చి తగ్గిందని తేలింది. అతను లెక్క చెప్పిన 78 మంది పిల్లల్లో చాలామందికి గుండె లోపమూ ఉంది. ఇప్పుడు దానికి టీకా ఉంది. మన జాతీయ పట్టికలో ఎం.ఆర్. టీకా 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి. ఈనాటి పాపకు వేసే ఆ సూది, పాతికేళ్ల తర్వాత ఆమె కడుపులో పడబోయే నలకకు కూడా రక్ష.

గుండె కట్టుబడి మూడో నెల నిండకముందే దాదాపు ముగిసిపోతుంది. కాబట్టి జాగ్రత్త సీమంతం నాటికి మొదలైతే ఆలస్యమే. షుగర్ ఉన్న ఆడవాళ్లు గర్భం రాకముందే దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. మూర్ఛకు గానీ, మొటిమలకు గానీ మందులు వాడుతుంటే పిల్లల ఆలోచన చేసినప్పుడే డాక్టరుతో మాట్లాడాలి. మేనరికాల్లో ఈ ముప్పు ఎక్కువగా కనిపిస్తోందని దక్షిణాది పరిశోధనలు చెబుతున్నాయి, అదీ దాచకుండా చెప్పాలి. అయిదో నెలలో తీసే టిఫా స్కాన్ వాయిదా వేయొద్దు. ఆ స్కాన్‌లో గుండె దగ్గర తేడా ఉందన్నారంటే, గ్రహణం నాడు ఏం చేశావని ఆ తల్లిని అడగకండి. కడుపులోని బిడ్డ గుండెను చూసే ఫీటల్ ఎకో స్కాన్ ఎక్కడ తీస్తారో డాక్టరును అడగండి. పుట్టగానే ఆపరేషన్ కావాల్సి వస్తే ఆ సదుపాయం ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు జరిగేలా ముందుగా చూసుకోండి. ఆరోగ్యశ్రీ జాబితాలో పిల్లల గుండె ఆపరేషన్లున్నాయి.